జర జరుగు

"ఎల్ నాలుగు, ఎల్ అయిదు" అన్నడు తార్నాక డాక్టరు
ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి పట్టి.
కొత్త రూట్ నంబర్లేమో అనుకున్న.
నా నడుముల నుంచి ఎడమ మడిమ దాక
నాకు తెల్వకుండ ఎవరో సర్వీసేసిండ్రు.
రాత్రిపూట గూడ తిరుగుతది.

పద్నాలుగేండ్ల సంది
వనపర్తి, కొత్తకోట, అడ్డాకుల, మూసాపేట, భూత్పూర్, పాలమూరు.
మళ్ల అదే తిరుగు.
మెడల టిమ్ మిషను, చంకల సంచి,
సీట్ల నడ్మ పక్కవాటుగ నిలవడ్డ ఒళ్లు.
స్పీడ్ బ్రేకర్ యాడున్నదో
కండ్ల కన్న ముందు ఎన్నుపూస చెప్తది.

ఆడోళ్లకు జీరో టికెట్టు వచ్చినంక
బస్సుల ఊపిరికి జాగ లేదు.
నాకు కోపమైతె లేదు,
పెద్దదవాఖానకు ఒక్కతే పోయొచ్చే ముసలమ్మను చూస్తె సంబురమే.
కాని ఒక్కొక్క జీరో టికెట్టుకు
నా మోకాలు ఫుల్ చార్జి కడ్తది.

"ఇది పోయేది గాదు, సర్దుకోవాలె" అని
గోలీలు రాసిచ్చిండు.
మింగితె కడుపుల మంట,
మింగకుంటె కాలుల మంట.
అప్పుడు మొదలువెట్టిన ఇంకో తిరుగుడు.

మా అత్త వావిలాకు ఉడకవెట్టి తానం పోసింది.
డ్రైవర్ ఆశన్న ఉప్పు మూట చెప్పిండు,
పెనం మీద కాపి, పాత ధోతిల గట్టి.
న్యూటౌన్ల తీపి గోలీలాయన
నాకు కలలెట్ల వస్తయో అడిగిండు.
ఇరవై నిమిషాలు.
మాట నడ్మల తెంపకుండ
ఒక మనిషి నన్ను అంత సేపు విన్నది అదే మొదలు.
ఆ గోలీలల్ల ఏమున్నదో నాకు తెల్వది.
ఆ రాత్రి మాత్రం నిద్రవోయిన.

మన్యంకొండ జాతరల
గుడారమేసుకున్నాయన కాడ పొట్లాలు కొన్న.
బూడిద రంగు పొడి, తేనెల కలుపుకొని నాకాలె.
మూడొద్దులల్ల నొప్పి మాయం!
బస్సు మెట్లు చిన్నపిల్ల లెక్క ఎక్కిన.
డిపోల ఏడుగురికి నేనే కొనిచ్చిన,
పైసలు వద్దన్న.
రెండు నెలలకు మొకం గుమ్మడికాయోలె ఉబ్బింది,
షుగరు మూడు వందలు దాటింది.
బూడిదల స్టెరాయిడ్ నూరి కలిపిండట.
ఏడుగురి ఇండ్లకు నడిచి పోయి చెప్పిన.
ఆ నడక నొప్పి
ఏ ఫిల్ముల కనవడది.

షాషాబ్‌గుట్ట కాడ షాహెదా బీ
వీపుకు గాజు గిలాసలు వెడ్తది.
"తగ్గుతదా?" అన్న.
ఆమె అబద్ధమాడలె.
"పోదమ్మా. జర జరుగుతది, అంతే."
గిలాస లోపల తోలు రొట్టె లెక్క పొంగింది.
ఫ్యాను తిరుగుతున్నది. పక్కింట్ల ఎవరో ఎల్లిపాయ దంచుతున్నరు.
నన్ను ఎవ్వలు టికెట్ అడుగుతలేరు.
లేచినంక అద్దంల చూసుకుంటె
వీపు మీద ఎనిమిది గుండ్రటి మచ్చలు,
ఎనకటి పంచ్ కొట్టిన టికెట్టోలె.

వారం దినాలు వంగి కిందవడ్డ చిల్లర ఏరుకోగలిగిన.
ఎనిమిదో నాడు మళ్ల ఎక్కింది,
పాస్ ఉన్నదన్నట్టు.

పనిచేసింది గిలాసనా,
పట్టపగలు గంటసేపు బోర్ల పండుకునుడా?
పద్నాలుగేండ్లల్ల అట్ల ఎన్నడన్న పండుకున్ననా?
డాక్టరును అడిగిన. నవ్విండు.
షాహెదా బీని అడిగిన. ఆమె గూడ నవ్వింది.
ఇద్దరి నవ్వు ఒక్కతీరుగనే ఉన్నది.

ఇయ్యాల పొద్దుగాల ఫస్ట్ సర్వీసు.
సగం గోలి మింగిన, ఉప్పు మూట సంచిల వెట్టుకున్న.
కండక్టర్ సీట్ల ఎవరో ఒకామె,
ఒళ్లె కూరగాయల గంప.
రోజూ ఎవరో ఒకరు కూసుంటరు, నేనే కూసోమంట.
అడ్డాకుల దాటినంక
ఎన్నడు లేంది నోరు తెరిచిన:
"అమ్మా, ఇది నా సీటు. జర జరుగు."

ఆమె నా మొకం చూసింది.
గంప కిందికి దించి సగం జాగిచ్చింది.
మూసాపేట దాక
ముగ్గురం కూసున్నం.